పాటల పోటీలు - ద్వారం వారి దారి

సంపాదకులకు,

టీవీ పాటల పోటీల్లో చిన్నపిల్లలు ఎలిమినేషన్ టెన్షన్‌తో ఏడుస్తుంటే నాకు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు గుర్తొస్తారు. చూపు సరిగా లేని ఆయన 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ అధ్యాపకులయ్యారు. ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. సంగీత కళానిధి బిరుదు వచ్చింది 1941లో. అంటే 22 ఏళ్లు పాఠాలు చెప్పాక! పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌తో సోలో కచేరీలు చేసి మెప్పించడం ఒక్క సీజన్‌లో అయ్యే పనా? (అప్పట్లో ఓటింగ్ మెసేజ్‌లు లేకపోవడం మన అదృష్టం.)

పోటీలు వద్దనను. కానీ ఓడిన పిల్లలకు ఏడాదిపాటు గురువు దగ్గర నేర్చుకునే ఫీజు ఛానళ్లే కట్టాలి. వాళ్ల ఏడుపును ప్రోమోలకు వాడుకోవడం వెంటనే మానాలి.

- ఒక సంగీతాభిమాని, విజయనగరం