కల్పిత ఖండాల పటాలకు గాలి దిక్కు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కల్పిత లోకాల ధారావాహికలతో పాటు ఆ లోకపు పటం కూడా వేస్తున్నందుకు సంతోషం. పిల్లలైతే కథ చదివే ముందే ఆ పటం ముందేసుకుని కూర్చుంటారు. అందుకే ఈ విన్నపం. ముందు కోటలు, రాజ్యాల సరిహద్దులు గీసేసి, మిగిలిన ఖాళీల్లో ఎడారి ఒకచోట, మంచుకొండ ఒకచోట, కీకారణ్యం ఒకచోట సర్దే పద్ధతిని రచయితలు మానుకోవాలి. పురాణాల్లోని పాలసముద్రానికి, ఉప్పు నుంచి మంచినీళ్ల దాకా ఉన్న ఏడు సముద్రాలకు ఈ లెక్కలు వర్తించవు. అక్కడ సృష్టే వేరు. కానీ కథలో రైతు వాన కోసం మబ్బు చూస్తున్నాడంటే, ఆ మబ్బు ఏ దిక్కు నుంచి వస్తుందో రచయితకు తెలిసి ఉండాలి.

మొదట స్కేలు. అక్షాంశాల్లో ఒక్కో డిగ్రీకి నేల మీద సుమారు 111 కి.మీ. దూరం. ఒక సెంటీమీటరుకు వంద కి.మీ. అనుకుంటే, 30 సెంటీమీటర్ల పొడవున గీసిన ఖండం 3,000 కి.మీ., అంటే దాదాపు 27 డిగ్రీలు. మన దేశం ఉత్తర దక్షిణాలుగా 3,214 కి.మీ. ఉంది కాబట్టి ఇంచుమించు అంత. గుర్రం మీద రోజుకు 50 కి.మీ. పోయినా కథానాయకుడు మూడు రోజుల్లో డిగ్రీన్నర కూడా దాటడు. ఆ కాస్త దూరంలో చిట్టడవి పోయి మంచు రాదు. రావాలంటే ఎత్తు పెరగాలి. కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ వేడి తగ్గుతుంది. తీరంలో 30 డిగ్రీలుంటే 2,500 మీటర్ల ఎత్తున ఉన్న కోటలో 14 దాకా ఉంటుంది. చలి వేస్తుంది గానీ మంచు పేరుకోదు. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా మంచు నిలవాలంటే కొండ సుమారు 5,000 మీటర్లు ఉండాలి. అక్కడికి దగ్గర్లోనే ఉన్న కిలిమంజారో శిఖరం 5,895 మీటర్లు కాబట్టే దాని మీద మంచు కనిపిస్తుంది.

అసలు పొరపాటు జరిగేది గాలి దగ్గర. మన రచయితల్లో చాలామంది ఖండానికి పడమటి అంచున కొండలు గీసి, వాటికి పడమట దట్టమైన అడవి, తూర్పున మెట్ట నేలలు పెడతారు. మనకు అలవాటైనవి పశ్చిమ కనుమలు మరి. ఆ కనుమల మీద, కర్ణాటకలో ఉన్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మి.మీ. పైగా వాన పడితే, కనుమలకు ఇవతల, దాదాపు అదే అక్షాంశంలో ఉన్న అనంతపురానికి దక్కేది 550 మి.మీ. కానీ ఆ నైరుతి గాలి దానంతటది రాలేదు. ఉత్తరాన ఆసియా అంతటి భూభాగం, టిబెట్ పీఠభూమి వేసవిలో వేడెక్కడం, దక్షిణాన వెచ్చని సముద్రం ఉండడం వల్లే గాలి తన మామూలు దారి మార్చుకుని పడమటి నుంచి వీస్తోంది. ఆ ఏర్పాటు లేని ఖండంలో భూమధ్యరేఖకు అటూ ఇటూ 30 డిగ్రీల లోపు ఏడాదంతా తూర్పు గాలే ఎక్కువ. అప్పుడు గాలి తగిలి తడిసేది కొండకు తూర్పు వైపు. ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవిని చూడండి. తూర్పు తీరంలోని తొమాసినాలో 3,000 మి.మీ. పైగా వాన. కొండలు దాటి నైరుతి తీరంలో ఉన్న తొలియారాకు వెళితే సుమారు 400 మి.మీ., చుట్టూ ముళ్ల చెట్ల అడవి. కాబట్టి రచయిత తన ఖండానికి ఉత్తరాన పెద్ద భూభాగం పెట్టకపోతే, అడవి రంగును పడమటి నుంచి తూర్పుకు మార్చి తీరాలి.

అదే 30 నుంచి 60 డిగ్రీల మధ్యకు వెళితే వీచేవి పశ్చిమ పవనాలు. అక్కడ వాన పడమటి వాలు మీద పడుతుంది. అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి పొడుగ్గా సాగిన ఒకే పర్వత శ్రేణికి తడి వైపు మధ్యలో మారిపోతుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలకు పెరూ దగ్గర పడమర ఎడారి, తూర్పు అమెజాన్ అడవి. అవే పర్వతాలు దక్షిణ చిలీకి వచ్చేసరికి పడమర వానల అడవి, తూర్పున పొడి గాలుల పాటగోనియా ప్రాంతం. ఇంత కథావస్తువు ఒక్క కొండల వరుసలో దొరుకుతుంటే దాన్ని వదులుకోవడం ఎందుకు? ఈ రెండు గాలుల పట్టీలకు నడుమ, 20 నుంచి 30 డిగ్రీల దాకా, భూమధ్యరేఖ దగ్గర పైకెక్కిన గాలి కిందికి దిగి మబ్బును పట్టనివ్వదు. ఎడారికి అసలు చోటు అదీ, ముఖ్యంగా ఖండం పడమటి తీరంలో.

తీరాన్ని సముద్ర ప్రవాహం కూడా మారుస్తుంది. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, పెరూ రాజధాని లిమా 12 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉన్నాయి, రెండూ సముద్రతీరాలే. చెన్నైలో ఏడాదికి 1,400 మి.మీ. వాన. లిమాలో 20 మి.మీ. కూడా పడదు, నెలల తరబడి పొగమంచు మాత్రం కమ్ముకుంటుంది. దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ శీతల ప్రవాహం తీరపు గాలిని చల్లబరిచి, పైకి లేవనివ్వకపోవడమే కారణం. పై అక్షాంశాల్లో తేడా ఇంకోలా ఉంటుంది. ఐరోపాలో ఫ్రాన్స్ రేవు మార్సెయ్, ఆసియా తూర్పు తీరాన రష్యా రేవు వ్లాదివోస్తోక్ రెండూ 43 డిగ్రీల ఉత్తరానే ఉన్నా, జనవరి సగటు ఉష్ణోగ్రత మార్సెయ్‌లో 7 డిగ్రీల పైన, వ్లాదివోస్తోక్‌లో సున్నాకు 12 కింద. పడమటి తీరానికి గాలి సముద్రం మీదుగా వస్తుంది, తూర్పు తీరానికి గడ్డకట్టిన ఖండం మీదుగా వస్తుంది. తూర్పు తీరంలో ఓడరేవు పెట్టి శీతకాలంలో నౌకాయుద్ధం రాసేవారు ఇది చూసుకోవాలి.

నదుల సంగతి చూస్తే బాధేస్తుంది. నది మధ్యలో చీలి రెండు వేర్వేరు సముద్రాల్లో కలవడం, ఒకే సరస్సు నుంచి మూడు నదులు మూడు దిక్కులకు పోవడం దాదాపు ప్రతి పటంలో ఉంటున్నాయి. నీరు అన్నిటికంటే పల్లమైన దారి పట్టుకుంటుంది, ఆ దారిని కోసి మరింత లోతు చేస్తుంది, రెండో దారి ఎండిపోతుంది. పాయలు చీలేది సముద్రం దగ్గర, నేల చదునై ఒండ్రు పేరుకున్న చోట. గోదావరి చీలేది ధవళేశ్వరం దాటాకే. దక్షిణ అమెరికాలో ఒరినోకో నది నీటిలో కొంత కసికియారే అనే పాయ మీదుగా అమెజాన్ వైపు పోతుంది గానీ అది అరుదైన మినహాయింపు. సముద్రం పక్కనే ఉందని నది అటే పోతుందనీ అనుకోకూడదు. అరేబియా సముద్రానికి 80 కి.మీ. దూరంలోని త్ర్యంబకంలో పుట్టిన గోదావరి, దక్కన్ తూర్పుకు వాలి ఉండడంతో 1,465 కి.మీ. నడిచి బంగాళాఖాతం చేరుతోంది. బయటికి దారి లేని సరస్సు గీస్తే దాని నీళ్లు ఉప్పనవుతాయి. దాని ఒడ్డున రాజధాని పెట్టేవారు తాగునీరు ఎక్కణ్నుంచి తెస్తారో కూడా రాయాలి.

లోకాన్నే కొత్తగా తిప్పాలనుకుంటే అదీ చేయవచ్చు. భూమి అక్షం వంపు 23.5 డిగ్రీలు. దాన్ని 40 చేస్తే సూర్యుడు నడినెత్తిన నిలిచే హద్దు 40వ అక్షాంశం దాకా, అర్ధరాత్రి సూర్యుడు కనిపించే హద్దు 50 దాకా జరుగుతాయి. రుతువులు చాలా తీవ్రమవుతాయి. గోళం తిరిగే దిశ మారిస్తే పైన చెప్పిన గాలులన్నీ తారుమారు.

గీసే వరుస ఇలా ఉంటే మేలు. ముందు తీరరేఖ, అక్షాంశాలు. తర్వాత ట్రేసింగ్ కాగితం మీద గాలి బాణాలు, ఆపైన కొండలు. బాణం తగిలే వైపు పచ్చ రంగు, వెనక వైపు గోధుమ రంగు. ఆ తర్వాత నదులు, పంటలు. ఊళ్లు, కోటలు, బాటలు అన్నిటికంటే చివర. వచ్చే ధారావాహికకు పటం తీసుకునేటప్పుడు భూమధ్యరేఖ ఎక్కడుందో తెలిపే గీత, స్కేలు, వేసవికీ శీతకాలానికీ చెరొక గాలి బాణం తప్పనిసరి అని రచయితలకు, చిత్రకారులకు ముందే చెప్పగలరని ప్రార్థన.

– భూగోళశాస్త్ర ఉపాధ్యాయులు, రాజమహేంద్రవరం