మా ముసలోళ్ల మాటలు రాసుకోనీకి ఒక్కరినన్న పంపుండ్రి సారూ: మంత్రి గారికి ఒక ముంపు ఊరి మనవని బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డు, శ్రీశైలం డ్యాం నీళ్లల్ల మునిగిన ముంపు ఊరు. ముంపు అంటే ఏందో, ముంపోళ్లకు ఇంటికో ఉద్యోగం ఇస్తమన్న జీవో 98 అంటే ఏందో, ఆ మాట ఏమైందో మీకు నేను కొత్తగ చెప్పేది లేదు. ఆ ఉద్యోగాల గురించి ఈ లెటర్ల అడుగుతలేను సార్. అది అడిగి అడిగి మా నాయిన తరమే ముసలిదైపోయింది, 1986ల ఆ జీవో వచ్చిననాడు ఇరవై ఏండ్లున్న పిలగాడు ఇయ్యాల అరవైకి వచ్చిండు. నేను అడిగేది వేరే. ఖర్చు తక్కువ పనే గానీ ఆగే పని కాదు, అందుకే అర్జీలు ఇచ్చి ఇచ్చి ఇగ అందరి ముందట రాస్తున్న.

రెండేండ్ల కింద ఎండాకాలం మా కాలనీకి ఒక ఆఫీసర్ సార్ వచ్చిండు. యాపచెట్టు కింద కూసొని చాయ్ తాగిండు, మా ముసలోళ్లు చెప్పే ముచ్చట్లు గంటకు ఎక్కువనే విన్నడు, వినుకుంట వినుకుంట ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి, అబద్ధం ఎందుకు చెప్పాలె. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి "పాత ఊర్ల పుట్టి పెరిగి, అన్ని మంచిగ యాదికున్న పెద్దమనుషుల లిస్టు రాసియ్యి తమ్మీ, మా మనుషులు వచ్చి ఒక్కొక్కరివి వీడియో తీస్తరు, పుస్తకం ఏపిస్తం, పాత ఊరి పేరుతోని రాయి కూడ పాతిస్తం" అన్నడు. ఆ రాత్రి మా కాలనీల ఒక్క ముసలామె కూడ నిద్రపోలేదంటే నమ్ముతరా? సర్కారోళ్లు వస్తరంట, మా మాటలు రాసుకుంటరంట అని ఒకరికొకరు చెప్పుకున్నరు. మా ఎనక గల్లీ పెద్దమ్మ అయితే తెల్లారి పెట్టెల నుంచి ఇస్త్రీ చీర తీసి బయట ఆరేసింది, ఫోటో దిగేటప్పుడు కట్టుకుంటా అని.

పది రోజులు నేను పనికాడికెళ్లి వచ్చినంక పొద్దుమీకి ఇల్లిల్లు తిరిగిన. డెబ్బై దాటినోళ్లు 41 మంది తేలిండ్రు. వాళ్లందరి ఆధార్ కార్డులు చూస్తే మస్తు మందికి పుట్టిన తేదీ జనవరి 1 అనే ఉంది సార్. మా అవ్వను అడిగితే "రజాకార్ల లొల్లప్పుడు మా అమ్మ నన్ను కడుపుల పెట్టుకొని అడివిల దాసుకున్నదంట" అని చెప్తది. ఒకాయన పీర్ల పండుగ గుండం రగిలిన రాత్రి పుట్టిండంట, ఒకామె కృష్ణకు పెద్ద పారకం వచ్చి చేన్లు మునిగిన ఏడు పుట్టిందంట. ఎవలు పుట్టిన రోజు వాళ్లకు యాదికే ఉంది. కార్డుల రాసుకునేటోళ్లు అడగలే, అంతే.

ఆ లిస్టు నెట్ సెంటర్ల టైప్ చేపిచ్చి నాలుగు కాపీలు తీసి ఇచ్చి వచ్చిన. నెల అయింది, ఎవరూ రాలే. పోయి అడిగితే ఆ సార్ ట్రాన్స్‌ఫర్ అయిండు అన్నరు. సోమవారం అర్జీ ఇచ్చిన, రసీదు ఇచ్చిండ్రు. ఇంకో సోమవారం పోతే ఇది మా సెక్షన్ కాదు అన్నరు, ఆ సెక్షన్‌కు పోతే పైనుంచి ఆర్డర్ రావాలె అన్నరు, మూడోసారి పోతే లిస్టు కనపడుతలేదు మళ్ల ఇయ్యి అన్నరు. మళ్ల ఇచ్చిన సార్. మూడు రసీదులు నా కాడ ఉన్నయి.

ఈ రెండేండ్లల్ల ఆ 41 మందిల 12 మంది పోయిండ్రు. లిస్టుల వాళ్ల పేరు పక్కన పెన్నుతోని చిన్న చుక్క పెడుతున్న, కొట్టెయ్యనీకి చెయ్యి వస్తలేదు.

మొదలు పోయింది పుట్టి పడవ నడిపే తాత. మా ఊరి కాడ కృష్ణల ఏడ ఎంత లోతు ఉంటదో, ఏ మడుగుల సుడి తిరుగుతదో, ఏ గుండు నీళ్లల్ల దాక్కుంటదో ఆయనకు చేతిగీతలెక్క తెలుసు. ఒక్కొక్క మడుగుకు ఒక్కొక్క పేరు ఉండెనంట, ఎద్దు పడి సచ్చిన మడుగుకు ఒక పేరు, పెండ్లి పుట్టి తలకిందులైన మడుగుకు ఇంకో పేరు, ఎండాకాలం కూడ ఎండని మడుగు అయితే ఊరోళ్లు గంగమ్మకు పసుపు కుంకుమ ఇడిచే జాగ. రోజుకు రెండు మూడు చెప్పేది, నేను పిల్లల నోట్‌బుక్ల రాసుకునేది. 19 పేర్లు రాసిన. ముప్పైకి ఎక్కువనే ఉన్నయిరా అన్నడు. నేను హైదరాబాద్ పనికి పోయి వారం దినాలకు వచ్చేసరికి ఆయనను కాష్ఠం మీద పెట్టిండ్రు. మిగతా మడుగుల పేర్లు ఇప్పుడు ఈ భూమ్మీద ఎవరికీ తెల్వదు సార్, ఆయన కొడుకుకు కూడ తెల్వదు, ఎందుకంటే కొడుకు పుట్టేసరికే ఆ మడుగులన్ని డ్యాం నీళ్ల కిందికి పోయినయి.

తర్వాత మంత్రసాని అవ్వ పోయింది. ఇప్పుడు యాభై దాటినోళ్లు మా కాలనీల ఎవరు కనపడ్డా "నీ బొడ్డు కోసింది నేనే" అనేది, అది ఊకె అనే మాట కాదు, నిజమే. ఎవరు ఏ ఇంట్ల, ఏ అర్ర‌ల పుట్టిండ్రో చెప్పేది. 1981ల ఇండ్లు కూలగొట్టేటప్పుడు ఒక బాలింత ఇంట్ల ఉన్నదంట, ఆ పిల్లకు ఇంకా పురుడు కాలేదు, పదకొండో రోజు అయినంక పోతం అని ఈమె ఎదురుంగ నిలబడి బతిమాలిందంట. వినలేదు. బాలింతను, పసిగుడ్డును ఎడ్లబండి మీద గడ్డి పరిచి పండుకోపెట్టి తీస్కొచ్చిండ్రంట. ఆ పసిగుడ్డు ఇప్పుడు మా కాలనీల కిరాణ షాపు నడుపుతున్న అక్క. ఈ ముచ్చట అవ్వ నోట చెప్తుంటే వింటే వేరే సార్, నేను రాస్తే ఇంతే ఉంటది. ఫోన్ల రికార్డు చేసిన గానీ ఆ ఫోన్ నీళ్లల్ల పడి ఖరాబైంది. రిపేర్ షాపుల మూడు చోట్ల తిరిగిన, రాలే. అందుకే అంటున్న సార్, నాలాంటోని ఫోన్ల మీద పెట్టే పని కాదు ఇది.

మా అవ్వ గురించి కూడ రాస్త. ఇప్పటికి ఉన్న 29 మందిల ఆమె ఒకరు.

పోయిన ఎండాకాలం నీళ్లు బాగ దిగినయి, పాత ఊరు బయటపడ్డది. అవ్వ పోదాం అని పట్టుపట్టింది. మోకాళ్లు నడవనియ్యవు, ఆటోల ఒడ్డుదాక తీస్కపోయి ఆడికెళ్లి నేను, మా తమ్ముడు చెరో రెక్క పట్టుకొని నడిపిచ్చినం. మాకు కనపడేది పగుళ్లిచ్చిన ఒండ్రుమట్టి, మొండి గోడల రాళ్లు, మొద్దులైన చింతచెట్లు. ఆమెకు ఊరు కనపడుతుంది సార్. ఈడ కుమ్మరోళ్ల ఆము, ఈడ చావడి, ఈ సందుల పోతే బాయి అని చెప్పుకుంట మా చేతులు ఇడిపిచ్చుకొని ముందట పోతుంది. ఒక కాడ ఆగింది. కింద పొడుగాటి రాయి, సగం మట్టిల కూరుకపోయి ఉంది. కడప రాయి. మా ఇంటి కడప. అప్పుడు ఊరు ఇడిచేనాడు మా తాత దర్వాజ పీకి బండిల ఏసుకొచ్చిండు, ఇప్పుడు మా ఇంటికున్నది ఆ దర్వాజనే, కడప రాయి బరువని ఆడనే ఇడిచిండ్రు. అవ్వ చీర కొంగుతోని ఆ రాయి మీద మట్టి తుడిచింది, సీసల నీళ్లు పోసి కడిగింది, కొంగు ముడిల నుంచి పసుపు కుంకుమ తీసి పెట్టింది. పెట్టి లేసి, ఆ రాయి మీద కాలు పెట్టకుండ, చీర కుచ్చిళ్లు ఇంత ఎత్తి పట్టుకొని దాటి లోపలికి పోయింది. లోపల ఏముంది సార్, బయట ఉన్న మట్టే లోపల ఉంది. అయినా ఆమె ఇంట్లకు పోయింది. పోయి "రాండ్రి బిడ్డా, ఎండకు ఆడ నిలబడ్డరేంది" అన్నది. నేను, మా తమ్ముడు కూడ ఆ కడప దాటే లోపలికి పోయినం.

వచ్చేటప్పుడు బొడ్రాయి కాడ బిందెడు నీళ్లు పోసి వచ్చినం. మునిగిన ఊరి బొడ్రాయికి నీళ్లెందుకు అని అడగకుండ్రి, నీళ్లు దిగిన ప్రతి ఏడు మా ముసలోళ్లు పోసేది పోసేదే. వీళ్లు పోయినంక ఆ బొడ్రాయి ఏడుందో చూపిచ్చేటోడు కూడ ఉండడు.

సార్, గుళ్లను కాపాడిండ్రు. దానికి మేం దండం పెడుతున్నం, నిండు మనసుతోని. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, సోమశిల గుళ్లు, అటు కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని అలంపురానికి, అన్నిటిని రాయి రాయి ఇప్పి, నంబర్లు ఏసి, బండ్లకెత్తి, మళ్ల అదే వరసల కట్టిండ్రు. ఎంత ఓపికతోని చేసిండ్రో ఆ గుళ్లు చూస్తే తెలుస్తది. మా అవ్వ కూడ మొక్కుతది. మొక్కి బయటికి వచ్చి ఒక్కమాట అన్నది, "రాయికి నంబరేసి తెచ్చిండ్రు, మమ్ముల పేరన్న అడగలే" అని. ఆ మాట నాకు ముల్లులెక్క దిగింది, తీసుకుందామంటే వస్తలేదు. మనుషులకు రాసింది ఎకరాలు, గుంటలు, ఇంటి కొలతలు, పైసలు. ఆ ఇంట్ల ఎవరు పాట పాడుతుండె, ఎవరు ముగ్గు పెద్దగ ఏస్తుండె, ఎవరికి పాము మంత్రం వస్తుండె, ఎవరి చేతి రొట్టె ఊరంత తిన్నరు, అది ఏ రిజిస్టర్ల రాయలే.

ఇప్పుడు నీళ్ల లెక్క రోజూ రాస్తరు. వానకాలం వస్తే పేపర్ల, టీవీల డ్యాం నిండు మట్టం 885 అడుగులకు ఇయ్యాల ఇన్ని అడుగులు, ఇన్ని టీఎంసీలు అని పొద్దున సాయంత్రం చెప్తరు. ఎడమగట్టు 900 మెగావాట్లు, కుడిగట్టు 770 మెగావాట్లు అని చెప్తరు. ఆ కరెంటు మా ఇంట్ల కూడ ఎలుగుతుంది, ఆ నీళ్లు లిఫ్టులతోని పాలమూరు చేన్లకు పోతున్నయి, మా ముసలోళ్లు ఆ నీళ్లు జూసి సంతోషపడతరే గానీ ఒక్కనాడు శపించలే. అవతల ఒడ్డుకు సంగమేశ్వరం గుడి, అలంపురానికి తెచ్చిన కూడవెల్లిది కాదు, వేరేది, నీళ్లల్లకెళ్లి బయటపడితే ఏటా కెమెరాలు వస్తయి, యాప లింగాన్ని చూపిస్తరు, మంచిదే. అదే నెలల వంద దాకా ఊర్ల మొండిగోడలు కూడ బయటపడతయి సార్. ఆడికి ఎవరూ రారు. సోమశిలల పడవ ఎక్కి శ్రీశైలం దాక పోయేటోళ్లు సెల్ఫీలు దిగుతరు, డ్రోన్ ఎగరేస్తరు, వాళ్ల తప్పేం లేదు, కింద ఊర్లున్నయని చెప్పే బోర్డు ఒక్కటి నాకైతే ఏడ కనపడలే, వాళ్లకెట్ల తెలుస్తది?

మంత్రి గారూ, పింఛన్ల సంగతి, 2,016 ఎప్పుడు పెరుగుతయన్న సంగతి, వేలిముద్ర పడక మళ్ల మళ్ల తిరిగిన సంగతి అవన్ని వేరే రాస్త, అవి కూడ బాధలే. ఈసారి మాత్రం ఈ ఒక్కటి చెయ్యుండ్రి. ఒక మనిషిని పంపుండ్రి. ఒక కెమెరా, ఒక మైకు, ఓపికగ వినే ఒక పిల్లనో పిలగాన్నో. యూనివర్సిటీల చదివే పిల్లలున్నరు కద, చరిత్ర చదివేటోళ్లు, తెలుగు చదివేటోళ్లు, వాళ్లను ముంపు కాలనీలకు పంపుండ్రి, తిండి, పండుకోనీకి జాగ మేం చూసుకుంటం. మా ఊరోళ్లే కాదు, ఇటు ఒడ్డు అటు ఒడ్డు ఎన్ని ముంపు కాలనీలున్నయో అన్నిట్ల ఇట్లనే ముసలోళ్లు అరుగు మీద కూసొని ఉన్నరు. అప్పటి భూసేకరణ రిజిస్టర్లు ఏ బీరువాల ఉన్నయో గానీ అవి తీసి ఊరి వారీగ పేర్లు చూపియ్యుండ్రి, మా తాతల పేర్లు మేం చదువుకుంటం. సోమశిల - సిద్ధేశ్వరం వంతెన మంజూరైంది అంటున్నరు, ఆ వంతెన కాడ ఒక గోడ కట్టి మునిగిన ఊర్ల పేర్లన్నన్న రాపియ్యుండ్రి. పేర్లు చాలు సార్. ఊరు అడుగుతలేం.

ఇది మీ శాఖది కాదు అంటే ఏ శాఖదో మీరే చెప్పి వాళ్లకు ఒక్క ఫోన్ కొట్టుండ్రి, నాకు సెక్షన్లు తిరగనీకి కాళ్లున్నయి గానీ మా ముసలోళ్లకు అంత టైం లేదు.

ఇస్త్రీ చీర ఆరేసిన పెద్దమ్మ ఇంకా ఉంది. ఆ చీర మళ్ల పెట్టెల పెట్టింది, కలరా ఉండలు ఏసి. నేను టౌనుకు పోయి వచ్చినప్పుడల్ల గల్లీల బండి సప్పుడు విని బయటికి వచ్చి "ఏమన్నరు బిడ్డా, వస్తున్నరా?" అని అడుగుతది. నేను పోయింది ఎరువుల కోసమే అయినా సరే అదే అడుగుతది. "వస్తున్నరు పెద్దమ్మా, జర పని మీద ఉన్నరంట" అని రెండేండ్ల నుంచి చెప్తున్న. మార్చి, ఏప్రిల్‌ల నీళ్లు దిగుతయి, అప్పుడు వస్తే పాత ఊరు కూడ చూపిస్త. ఈ లోపల ఏ దినం వచ్చినా సరే, ముందుగాల చెప్పకపోయినా సరే, వాళ్లు ఇంట్లనే ఉంటరు.

ఇట్లు,
లిస్టు రాసిచ్చిన మనవడు,
శ్రీశైలం ముంపు కాలనీ, కొల్లాపూర్ దిక్కు