మంచు పట్టిన ఇంజెక్షన్ పెట్టె

సంపాదకుడు గారికి,

మాది ఉద్దానం. మా అన్నయ్యకు కిడ్నీల జబ్బు. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు గానీ ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది. డాక్టర్ గారు రక్తం పెరగడానికి వారానికొక ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్ రాశారు. మా ఇంట్లో దాన్ని ‘రక్తం ఇంజెక్షన్’ అనేస్తాం.

పోయిన నెల మందుల షాపులో అడిగితే, కుర్రాడు ఫ్రిజ్‌లో కూల్‌డ్రింక్ సీసాలు పక్కకు జరిపి, వెనక గోడకు అతుక్కుపోయిన పెట్టెను పీకి ఇచ్చాడు. దాని మీద మంచు. లోపలి కాగితం మీదేమో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, కుదపకూడదు అని ఉంది. చూపిస్తే, "చల్లగానే ఉంది కదండీ" అన్నాడు. అతన్ని ఏమనను? అతనికి చెప్పినవాళ్లు లేరు. ఇంకో షాపులో పాలిథిన్ కవర్లో వేసి చేతికిచ్చారు. ఎండలో ఆటోలో గంట ప్రయాణం మాది.

మందు పాడైనా పైకి తెలియకపోవచ్చు. రక్తం పెరగకపోతే డోసు చాలట్లేదేమో అనిపిస్తుంది. ఒంట్లో ఐరన్ తక్కువైనా ఈ ఇంజెక్షన్ సరిగా పనిచేయదు, కానీ ఆ పరీక్ష గురించి అడిగేవాళ్లెంతమంది? డోసు పెంచితే పోయేదేముందనీ అనుకోవద్దు. హిమోగ్లోబిన్‌ను 13కు, ఆపైకి తీసుకెళ్లాలని చూస్తే గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుందని 2006, 2009లో వచ్చిన పరిశోధనల్లో తేలింది. అందుకే డాక్టర్లు మామూలుగా 11.5 దాటనివ్వరు. బీపీ కూడా పెరుగుతుంది కాబట్టి ముందు బీపీ చూసి వేయాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని బండెక్కేవాళ్లకు అదెవరు చూస్తారు?

చంటిపిల్లల టీకాలకు కావాల్సిందీ ఆ 2 నుంచి 8 డిగ్రీలే. వాటికి పీహెచ్‌సీలో ప్రత్యేకం ఫ్రిజ్ ఉంది, రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఉంది. కిడ్నీ రోగుల మందుకూ అలాంటి ఏర్పాటు చేసి, అక్కడే బీపీ చూసి నర్సమ్మ చేత వేయించి, నెలనెలా హిమోగ్లోబిన్ కార్డు మీద రాయమని వైద్యశాఖను అడుగుతున్నాం. షాపుల ఫ్రిజ్‌లలో థర్మామీటర్ ఉందో లేదో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు చూడాలి.

అందాకా నేనే ఐస్ ప్యాక్‌కు తువ్వాలు చుట్టి, పెద్ద టిఫిన్ డబ్బాలో పెట్టుకుని షాపుకు వెళుతున్నాను.

- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా