అమెరికా మధ్యంతరంలో అధికార పక్షం ఎందుకు ఓడుతుంది?

సంపాదకులకు నమస్కారం.

మన దగ్గర మధ్యంతర ఎన్నికలంటే గడువుకు ముందే సభ రద్దు కావడం. అమెరికాలో అవి అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం నడుమ తప్పక వచ్చే చట్టసభల ఎన్నికలు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే అక్కడి ఫలితాలను మన విశ్లేషకులు తరచు అధ్యక్షుడి వ్యక్తిగత పతనంగా రాస్తున్నారు. గత వందేళ్లలో 1934, 1998, 2002 తప్పిస్తే ప్రతి మధ్యంతరంలోనూ అధ్యక్షుడి పార్టీ ప్రతినిధుల సభలో (అక్కడి దిగువ సభ) స్థానాలు కోల్పోయిందన్న సంగతి వారు గమనించాలి.

ఓటర్లంతా మనసు మార్చుకోవడం కన్నా, గెలిపించినవారిలో చాలామంది ఇంట్లోనే ఉండిపోవడం దీనికి పెద్ద కారణమని నా అభిప్రాయం. ఒబామా గెలిచిన 2008 అధ్యక్ష ఎన్నికల్లో సుమారు 13 కోట్ల మంది ఓటు వేయగా, 2010 మధ్యంతరంలో ఆ సంఖ్య దాదాపు 9 కోట్లకు పడిపోయింది. ఆ నవంబరులో న్యూజెర్సీలో మా అన్నయ్య వెంట బడిలోని పోలింగ్ కేంద్రానికి వెళ్లాను. రెండేళ్ల కిందట వీధి మలుపు దాకా సాగిన వరుసలో ఆనాడు ఏడెనిమిది మందే, అదీ ఎక్కువగా వృద్ధులే ఉన్నారు. ఒబామాకు ఉత్సాహంగా ఓటు వేసిన పక్కింటి కుర్రవాడు, "ఈసారి ఆయన పేరు లేదు కదా" అని రానేలేదు. నిరుద్యోగం 9 శాతం పైనే ఉండటం, కొత్త ఆరోగ్య బీమా చట్టంపై ఆగ్రహం ప్రత్యర్థులను మాత్రం కదిలించాయి. ఒబామా పార్టీ అయిన డెమోక్రాట్లు ప్రతినిధుల సభలో 63 స్థానాలు కోల్పోయారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ