చూసేది రెండు నిమిషాలే

సంపాదకులకు,

ఇంటర్నెట్ అంటేనే టైం వేస్ట్ అని మా నర్సంపేటలో చాయ్ హోటల్ దగ్గర రోజూ వాదనే. అలా అనేవాళ్ల చేతుల్లోనూ రీల్సే నడుస్తుంటాయి, అది వేరే సంగతి.

మా బాపు మిర్చి రైతు. ఇదివరకు బస్తాలు వేసుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయాకే ధర తెలిసేది. వెనక్కి తెస్తే కిరాయి మీద పడుతుంది, అందుకే చెప్పిన రేటుకే ఇచ్చి వచ్చేవాడు. ఇప్పుడు తేజ రకం ఎంత పలికిందో 2016లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్‌లో, ఫోన్‌లోనే చూస్తాడు. ధర పడితే సరుకు కోల్డ్ స్టోరేజీకే. పనిచేసి మొద్దుబారిన బొటనవేలికి స్క్రీన్ పలకదు, చిటికెనవేలితో ఒత్తుతాడు. రెండు నిమిషాలు చూసి ఫోన్ జేబులో వేసుకుంటాడు.

నేనేమో గ్రూప్-2 పాఠాలు విందామని రాత్రి 10కి ఫోన్ తీసి, ఒంటిగంట దాకా ఎవరో బిర్యానీ తింటుంటే చూస్తూ కూర్చుంటా. ఒక వీడియో అయ్యేలోపే ఇంకోటి మొదలు!

ఆ ధరలు ఎక్కడ చూడాలో మా ఊళ్లో చాలామందికి తెలియదు. వ్యవసాయాధికారులు రైతు వేదికల్లో ఒక పూట చూపించాలి. బాపుకు నేర్పడానికి నాకు పట్టింది పావుగంట.

— ఒక రైతు కొడుకు, నర్సంపేట, వరంగల్ జిల్లా