ఆ గోలని రెండోసారి వినిపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చాలామటుకు గోలేనట, రాగం లేదు తాళం లేదు, బాగుందనేవాళ్ళు గొప్ప కోసం అంటున్నారే తప్ప నిజంగా ఎవరికీ నచ్చదట. గోల అన్నందుకు నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో పోలెండు సంగీతకర్త పెండెరెట్‌స్కీ ముక్క ఒకటి పెడితే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, మిక్సీ కాలిపోతోందేమో చూడరా అంది. కానీ ఆ ‘గొప్ప కోసం’ అన్న మాటకి మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు, అందుకే ఇది రాస్తున్నాను, పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

ముందు ఆయనకి అనుకూలమైన మాటే చెప్తాను. ఈ సంగీతం పుట్టిన ఊళ్ళోనే దీనికి దెబ్బలు పడ్డాయండీ. 1913 మార్చి 31న వియన్నాలో, ఈ కొత్త సంగీతానికి పెద్దదిక్కైన సంగీతకర్త షోన్‌బెర్గ్ నడిపించిన కచేరీలో, ఆయన శిష్యుడు బెర్గ్ పాటలు వచ్చేసరికి జనం లేచి కొట్టుకున్నారు, ఆఖర్న పెట్టుకున్న మాలర్ పాటల దాకా వెళ్ళకుండానే కచేరీ ఆగిపోయింది. దానికి ‘చెంపదెబ్బల కచేరీ’ అని పేరు నిలిచిపోయింది. రెండు నెలలు తిరక్కుండా, మే 29న పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ కొత్త బాలేకి కూడా అవే కేకలు, అవే వెక్కిరింతలు. కాబట్టి అమలాపురంలోనో తణుకులోనో కూర్చుని ఇదేం సంగీతంరా బాబూ అనుకున్నవాళ్ళు చిన్నబోవాల్సిన పని లేదు.

నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాత షోన్‌బెర్గ్ చేసిన పని. 1918లో అదే వియన్నాలో ఒక సంఘం పెట్టాడు. సభ్యులకే ప్రవేశం. పత్రికల విమర్శకులని రానివ్వరు. చప్పట్లు కొట్టకూడదు, వెక్కిరించకూడదు. ఇవాళ ఏం వాయిస్తారో ముందుగా చెప్పరు. బాగా సాధన చేసి వాయించేవారు, వాయించినదాన్నే మళ్ళీ మళ్ళీ వినిపించేవారు. 1921 దాకానే నడిచిందనుకోండి, అయినా ఆ పద్ధతిలోని తెలివి చూడండి. నచ్చించుకోండి అని ఎవరినీ బతిమాలలేదు, పుస్తకాలు చదివి రమ్మనలేదు, రెండోసారి వినే వీలు కల్పించాడు, అంతే. మన దగ్గర లేనిది ఆ వీలే. మన పేపర్లలో ఈ సంగీతం గురించి ఎప్పుడైనా వస్తే వింత వార్తగా వస్తుంది, అమెరికా సంగీతకర్త జాన్ కేజ్ నాలుగు నిమిషాల ముప్ఫై మూడు సెకన్లు ఏమీ వాయించకుండా కూర్చోబెట్టాడట అని (1952 నాటి సంగతి అది, ఇంకా నవ్వుకుంటూనే ఉన్నాం). నవ్వుకోవచ్చు, తప్పేం లేదు. కానీ నవ్వాక వినడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా.

మనవాళ్ళకి ఇది కష్టంగా ఉండడానికి అసలు కారణం ‘సా’ దొరక్కపోవడం అని నా అభిప్రాయం. కాస్తో కూస్తో సరళీ వరసలు పాడినవాళ్ళకే కాదు, ఏమీ నేర్చుకోకుండా గుళ్ళో నాదస్వరం, రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగినవాళ్ళకి కూడా చెవి తనంతట తానే ఆధార షడ్జాన్ని, అంటే పాటంతా ఆనుకుని నిలబడే ఆ ‘సా’ని, వెతుక్కుంటుంది. అది దొరికాక మిగతా స్వరాలన్నీ ఎక్కడివక్కడ సర్దుకుంటాయి. షోన్‌బెర్గ్ 1920ల మొదట్లో తెచ్చిన పద్ధతిలో ఒక స్థాయిలోని (సా నుంచి పై సా లోపు) 12 స్వరాలనీ ఒక వరసగా పేర్చి, ఆ వరసని ముందుకీ వెనక్కీ తలకిందులుగానూ నడిపిస్తారు, ఏ స్వరానికీ పెద్దరికం ఇవ్వరు. మనకీ స్వరస్థానాలు 12 కదా, పేర్లే 16. స్వరాలు అవే, ఆధారమే లేదు. వినేవాడు సా కోసం వెతికి వెతికి విసిగిపోయి ఇది అపస్వరాల పుట్ట అనేస్తాడు. వెతకడం మానేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, అయితే మానడం చెప్పినంత తేలిక కాదు, నాకు ఇప్పటికీ మొదటి నిమిషం ఆ వెతుకులాటలోనే పోతుంది.

వరసని వెనక్కి నడపడం అనేది మనం విననిదేం కాదు. కోనసీమ ఘనాపాఠీలు వేదాన్ని ఘన పద్ధతిలో చెప్తుంటే ఎప్పుడైనా పక్కన కూర్చున్నారా? ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, ఇలా మాటలు ముందుకి వెళ్ళి వెనక్కి వస్తుంటాయి. అర్థం తెలియనివాళ్ళు కూడా కదలకుండా వింటారు. అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టేశారు అనే లెక్కలో చెప్పడం లేదు, అక్కడి ఉద్దేశం అక్షరం పోకుండా కాపాడుకోవడం, ఇక్కడి ఉద్దేశం పూర్తిగా వేరు. అర్థం తెలియకుండా క్రమాన్ని వినే చెవి మన దగ్గర ఉందని మాత్రమే అంటున్నాను.

ఇక కొత్తదాన్ని చూసి మొహం చిట్లించడమంటారా, అది మన ఇంట్లోనూ జరిగిందే. రాజోలు సీమలో శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగు స్వరాలతో మహతి, లవంగి కట్టి, అదీ చాలక మూడు స్వరాలతో సర్వశ్రీ అంటే, దీన్ని కూడా రాగమంటారా అని పెద్దపెద్దవాళ్ళే తగువుకి దిగారు. కర్ణాటక సంగీతంలో మూల రాగాలైన 72 మేళకర్తల్లోనూ కృతులు చేసిన మనిషి ఆయన. ఆ 72లో 40 వివాది మేళాలు, కనకాంగి లాంటిది పాడితే స్వరాలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని చెవిలో గుచ్చుకుంటాయి, వాటి జోలికి పోకూడదనేవాళ్ళూ ఉన్నారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌కీ మొదట్లో ఇదే వరస, ఆ వాద్యం మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) ఎలా పలుకుతుందన్నారు. ఇప్పుడు ఆ ఇద్దరి పేర్లూ చెప్పుకుని మనమే మీసం మెలేస్తాం.

మాండొలిన్ అన్నాను కాబట్టి, కొత్తగా వినేవాళ్ళకి నేను మొదట పెట్టేది కూడా మాండొలిన్ ఉన్న ముక్కే. షోన్‌బెర్గ్ ఇంకో శిష్యుడు వేబర్న్ 1911, 1913 మధ్య ఆర్కెస్ట్రాకి రాసిన అయిదు చిన్న రచనలున్నాయి, 10వ ఓపస్ (అంటే రచన నంబరు) అంటారు, అయిదూ కలిపినా ఒక సినిమా పాటంత. అందులో నాలుగోది అర నిమిషం లోపే అయిపోతుంది. మాండొలిన్ మొదలెడుతుంది, ట్రంపెట్ ఒక మాట అంటుంది, తలా కాస్త పలుకుతాయి, చివర్న వయొలిన్ ఊపిరంత సన్నగా ఏదో అనేసి మాయమైపోతుంది. మొదటిసారి అయిపోయిందని కూడా తెలియదు, ఫోను పాడైందనుకుంటారు. రెండోసారి మాండొలిన్ ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. మూడోసారికి ట్రంపెట్ ఇంకా రాలేదేంటా అని చూస్తారు. ఎదురుచూడడం మొదలయ్యాక దాన్ని గోల అనడం కష్టం. మా అరుగు మీద సాయంత్రాలు కొందరం కూర్చుని ఇదే చేస్తుంటాం, ఒక చిన్న ముక్క, రెండుసార్లు, మధ్యలో కబుర్లు లేవు. అర్థమైందా అని ఎవరూ ఎవరినీ అడగకూడదు, అదొక్కటే షరతు. నచ్చలేదంటే నచ్చలేదు, లేచి టీకి వెళ్ళిపోతాం.

పెద్ద ఆర్కెస్ట్రా ముక్కల్లో లిగెటి 1961 నాటి ‘అట్మాస్ఫియర్స్’ చెప్తాను. 1968లో కుబ్రిక్ అంతరిక్షం సినిమాలో వాడుకోవడంతో తెలియకుండానే చాలామంది విని ఉంటారు. అందులో పాట లేదు, లెక్కపెట్టడానికి తాళం లేదు, వయొలిన్లు మొదలుకుని తీగవాద్యాల వాళ్ళందరికీ ఎవరి వరస వాళ్ళకి విడిగా రాశాడు, అన్నీ కలిసి ఒక మందపాటి శబ్దంగా వినిపిస్తాయి. ఇది ఎలా వినాలో నాకు మా చెరువుల కాపలా మనిషి వల్ల తెలిసింది. మాది రొయ్యల చెరువుల ఊరు, రాత్రంతా నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి, బయటివాళ్ళకి అదంతా ఒకటే హోరు. అతను మాత్రం గుడిసెలో పడుకునే చెప్తాడు, పడమటి గట్టు వైపు ఒకటి ఆగిందని, ఇంకోటి ఫేజు పోయి మూలుగుతోందని. వెళ్ళి చూస్తే అంతే. రెండు మోటార్లు దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంటే ఆ హోరు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు. లిగెటి దగ్గరా చేయాల్సిందదే, పాట కోసం చూడకుండా ఏది చేరింది, ఏది తప్పుకుంది, ఎక్కడ పలచబడింది అని వినడం. అతనికి కూడా ఒకసారి వినిపించాను. సౌండు బానే ఉందండి గానీ మోటార్లకి గ్రీజు లేదు అన్నాడు.

లయ పిచ్చి ఉన్నవాళ్ళు, మృదంగం డోలు నేర్చుకున్న పిల్లలు మెస్సియాన్ దగ్గర మొదలెట్టాలి. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో ఇచ్చిన 120 దేశీ తాళాల పట్టిక ఈ ఫ్రెంచి ఆయన చేతికి చిక్కింది, జీవితాంతం వాటిని వాడుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి ఖైదీగా దొరికి, గోర్లిట్జ్ శిబిరంలో తోటి ఖైదీలతో కలిసి 1941 జనవరి 15న వాయించిన చతుష్టయంలో (నాలుగు వాద్యాల రచన), మొదటి భాగం చూడండి. పియానోకి 17 విలువల (స్వరాల నిడివుల) లయ ఒకటి, రాగవర్ధనం లాంటి మూడు దేశీ తాళాలు అతికించి చేసింది. దాని మీద 29 స్వరమేళాల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) వరస తిరుగుతూ ఉంటుంది. 17కీ 29కీ పొత్తు కుదరదు, రెండూ మళ్ళీ ఒకేచోట మొదలవ్వాలంటే 493 దెబ్బలు కావాలి, ఆ భాగం అంతసేపు ఉండనే ఉండదు. ముక్తాయింపు లెక్కలు వేసుకునేవాళ్ళకి ఇది పండగ. మన తాళాలు మనకంటే ముందు ఆయనకి పనికొచ్చాయే అని కాస్త ఉడుకుమోత్తనం కూడా వస్తుంది.

అన్నీ నాకు నచ్చుతాయని కాదు. జర్మన్ సంగీతకర్త స్టాక్‌హౌజెన్ నలుగురు వాద్యకారులని నాలుగు హెలికాప్టర్లు ఎక్కించి వాయింపించాడు (1995లో ఆమ్‌స్టర్‌డామ్‌లో), చూడ్డానికి సరదాగా ఉంది, వినడానికి నాకు ఎక్కలేదు. మొదట్లో చెప్పిన ఆ పెండెరెట్‌స్కీ ముక్క మాత్రం వేరు. 52 తీగవాద్యాలు, ఎంత పైకి పలకగలిగితే అంత పైస్వరంతో మొదలెట్టి, కమానుని గుర్రం (తీగలని ఎత్తిపట్టే చెక్క) వెనక వైపు లాగుతారు, చెక్క మీద వేళ్ళతో కొడతారు. మొదట దానికి వాయించే సమయాన్నే పేరుగా పెట్టి, తర్వాత హిరోషిమా మృతులకి అంకితం చేశాడు. అంటే బాంబుని తలుచుకుని కట్టింది కాదు, కట్టాక ఆ పేరు అతికింది. పేరు తెలిసి విన్నా, తెలియక విన్నా వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం ఆగదు. ఆ రోజు మా అమ్మకి ఈ సంగతి చెప్పాను. అయితే సందెవేళ ఆ ఏడుపు పెట్టకు, పొద్దున్న పెట్టుకో అంది.

కాబట్టి మీకు నా విన్నపం. మీ ఆదివారం పేజీలో పాశ్చాత్య సంగీతం అంటే మొజార్ట్, బీథోవెన్ పుట్టినరోజులతో సరిపెడుతున్నారు. రెండంగుళాల జాగా ఇవ్వండి చాలు. వారానికి ఒక చిన్న ముక్క పేరు, రాసింది ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు, ఏ వాద్యం ముందు వినిపిస్తుంది. గొప్పదనం గురించి వ్యాసం వద్దు, ఆ మాట వల్లే జనం పారిపోతున్నారు. మరుసటి వారం కొత్తది ఇవ్వకుండా అదే ముక్కని మళ్ళీ ఇవ్వండి. ఆ పెద్దాయన కూడా రెండోసారి విని గోలే అని రాస్తే, అదీ వేయండి. మొదటి వారానికి వేబర్న్ 10వ ఓపస్ సరిపోతుంది. కింద ఒక లైను మాత్రం మర్చిపోవద్దు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినమనండి, ఫోను స్పీకర్లో అయితే ఆ ఆఖరి వయొలిన్ అసలు వినపడదు.

ఇట్లు
మీ పాఠకుడు,
భీమవరం దగ్గర నుంచి