అప్పీలు హక్కును ఉత్తర్వు మీదే అచ్చువేయాలి

సంపాదకులు గారికి,

ఆర్యా,

‘పిల్లలను గాలికొదిలేసిన తల్లి’ అంటూ పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి నా మనసు స్థిమితంగా లేదు. ఆ తల్లి మా వీధిలో నాలుగిళ్లలో పాచిపని చేసుకుని బతుకుతోంది. భర్త సెంట్రింగ్ పని మీద పొరుగు జిల్లాలో ఉన్నాడు. తొమ్మిదేళ్ల కూతురికి రెండేళ్ల కొడుకును అప్పగించి ఆమె పనికి వచ్చిన పూటే, తప్పిపోయిన పిల్లలను, పనిలో మగ్గే పిల్లలను వెతికి కాపాడే ‘ఆపరేషన్ ముస్కాన్’ తనిఖీలకు వచ్చినవారు పిల్లలిద్దరినీ తీసుకెళ్లారు. ఇవేవీ మీ వార్తలో లేవు. ఉన్నదల్లా వీధి పేరు, పిల్ల చదివే బడి పేరు. పిల్లలను గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరాన్నీ ప్రచురించరాదని జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇంత పేరున్న పత్రికకు ఈ సంగతి ఒక పాఠకుడు గుర్తుచేయవలసి రావడం బాధాకరం.

‘నిర్లక్ష్యం రుజువైంది’ అని కూడా రాశారు. ముప్పై ఒక్క ఏళ్లు కోర్టు కాగితాల మధ్య పనిచేసినవాడిగా చెబుతున్నాను: రక్షణ అవసరమైన పిల్లల సంగతి చూసే బాలల సంక్షేమ కమిటీ ఈ పిల్లల విషయంలో ఇచ్చిన ఉత్తర్వు నేరనిర్ధారణ కాదు, అంతిమ తీర్పు అంతకన్నా కాదు. 2015 నాటి ఆ జువెనైల్ జస్టిస్ చట్టంలోనే 101వ సెక్షన్ ప్రకారం, కమిటీ ఉత్తర్వు వల్ల నష్టపోయిన ఎవరైనా 30 రోజుల్లోగా బాలల న్యాయస్థానంలో అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటినా, సకాలంలో రాలేకపోవడానికి తగిన కారణం ఉందని నమ్మితే కోర్టు ఆ అప్పీలును స్వీకరించవచ్చు. స్వీకరించాక 30 రోజుల్లో తేల్చాలని కూడా చట్టమే చెప్పింది.

ఈ హక్కు ఉందని ఆమెకు చెప్పినవారు ఒక్కరూ లేరు. ఉత్తర్వు ఇంగ్లిషులో ఉంది. చదివి వినిపించకుండానే వేలిముద్ర వేయించుకుని, ‘మళ్లీ కబురు చేస్తాం, వెళ్లమ్మా’ అన్నారట. కబురు వస్తుందని ఆమె ఎదురుచూసింది. రెండు సోమవారాలు కూలి పోగొట్టుకుని కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇస్తే, ఆ రెండు అర్జీలూ ఏ కార్యాలయం మీద ఇచ్చిందో ఆ కార్యాలయానికే చేరాయి. ఆమె కాగితాలు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది మీ వార్త వచ్చిన మర్నాడు. అప్పటికి ఉత్తర్వు వెలువడి 36 రోజులు. తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లోనే చట్టం తెచ్చుకున్నాం. కన్నబిడ్డలను ఎందుకు తీసుకెళ్లారో ఒక తల్లికి తెలుగులో చెప్పే కాగితం మాత్రం నేటికీ లేదు!

ఇక విచారణ నివేదిక సంగతి. కమిటీ ముందుకు వచ్చే నివేదికలు గోప్యమని 99వ సెక్షన్ అంటుంది. పిల్లల పేర్లు బయటికి రాకూడదు కనుక అది సబబే. అయితే ఆ నివేదిక సారాంశాన్ని తల్లిదండ్రులకు తెలిపి, దానికి సంబంధించి సాక్ష్యం చూపుకునే అవకాశం ఇవ్వవచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ‘ఇవ్వవచ్చు’ అన్న ఆ ఒక్క మాట దగ్గరే పేదవాడి పని ఆగిపోతోంది. తన మీద ఏం రాశారో తెలియనప్పుడు ఎవరైనా దేని మీద అప్పీలు చేయగలరు? ఇదే చట్టం మూడో సెక్షన్‌లోని 16 సూత్రాల్లో చివరిది సహజ న్యాయ సూత్రం, పిల్లలను సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గమన్నది మరొకటి. న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటున్న మా మేనకోడలు చెప్పింది: అక్కడ తల్లిదండ్రుల మీద వచ్చిన ఆరోపణ నిజమని అధికారులు తేలిస్తే, దాన్ని 90 రోజుల్లో సవాలు చేయవచ్చని ఆ లేఖలోనే రాసి పంపుతారట. ఆ పాటి మర్యాదకు మన తల్లులు నోచుకోలేదా?

నేను కమిటీలకు వ్యతిరేకిని కాను. దెబ్బలు తిని, వాతలు పడి, వెట్టిలో మగ్గిన పిల్లలను వాళ్లు కాపాడిన సందర్భాలు కళ్లారా చూశాను. అసలు అన్యాయం రెండు వైపులా ఉంది. ఒక బిడ్డ హింసకు గురవుతోందని ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు, ఆ బిడ్డకు రక్షణ అవసరం లేదని కమిటీ తేలిస్తే, దాని మీద అప్పీలే లేదని 101వ సెక్షన్ చెబుతోంది. ఆ ఉత్తర్వు సరైనదో కాదో పరిశీలించమని హైకోర్టును కోరే రివిజన్ ఒక్కటే దిక్కు. అంగన్‌వాడీ టీచరో, పక్కింటివారో హైకోర్టు మెట్లెక్కగలరా?

మా వీధిలో పనిచేసే ఆ తల్లి అప్పీలును ఆలస్యానికి కారణాలు చూపే దరఖాస్తుతో కలిపి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాది ద్వారా మొన్న దాఖలు చేయించాం. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సహాయం ఉచితమని, 15100కు ఫోన్ చేసినా చాలునని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. మంచిచెడ్డలు కోర్టు చూసుకుంటుంది. నేను అధికారులను అడిగేది ఇది: ప్రతి ఉత్తర్వు చివర, ఎన్ని రోజుల్లో, ఎక్కడ అప్పీలు చేసుకోవాలో, ఉచిత న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుందో తెలుగులో అచ్చువేయండి. చదవలేనివారికి చదివి వినిపించి, నకలు ఆ రోజే చేతికివ్వండి. దీనికి కొత్త చట్టమూ అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు.

మిమ్మల్ని అడిగేది ఒకటే. ఆ తల్లి అప్పీలు వేసిందన్న సంగతిని అదే జిల్లా పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, ఈసారి వీధి పేరూ బడి పేరూ లేకుండా ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి
(ఆ పిల్లల ఆచూకీ తెలిసే ప్రమాదం ఉన్నందున నా పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)